పెనిమిటి పేరు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మెట్‌పల్లి దగ్గర ఓ ఆసుపత్రిలో నర్సుగా చేరాను. వార్డులో ఒకే ఊరికి చెందిన ఇద్దరు రాజవ్వలుండేవారు. ఒకామెకు పెన్సిలిన్ రాశారు, రెండో ఆమెకు అది పడదు. చీటీల్లో ఇద్దరికీ తేడా పెనిమిటి పేరొక్కటే. సూది పట్టుకొని కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్లి, "నీ పెనిమిటి పేరేందమ్మా?" అని అడిగాను. రాజవ్వ తల దించుకుంది.

"మొగని పేరు ఎట్ల చెప్తది? జర సిగ్గుండాలె!" అని పక్క మంచం ముసలవ్వ నా మీద లేచింది.

"చెప్పెదాక సూది ఇయ్య," అన్నాను.

వార్డంతా నన్ను తిట్టింది. చివరికి రాజవ్వ తలెత్తి, "మల్లయ్య!" అంది. సూది పక్కన పెట్టి చీటీ చూశాను. పెన్సిలిన్ పడనిది ఆమెకే. గాలి కోసం ఇద్దరూ మంచాలు మార్చుకున్నారట.

భార్యతో తన పేరు చెప్పించానని విని సాయంత్రం మల్లయ్య కోపంగా వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే రాజవ్వ అంది: "గా పేరు చెప్పవట్టే బతికిన. మల్ల అడిగినా చెప్త."

ఆ తర్వాత పేరు చెప్పించకుండా నేనెవరికీ మందివ్వలేదు. తిట్టేవాళ్లను తిట్టనిచ్చాను.