పడవ పిన్ని పురుగు వేషం

సరస్సు పురుగు పడవ పిన్ని నెత్తికెక్కిందని ఊళ్లో పుకారు. నల్లటి బిగుతు బట్టలు వేసుకుని, ఒంటి నిండా తెల్ల బటన్లు అంటించుకుని, రేవు పక్క సామాన్ల గదిలో నేల మీద పొర్లుతుంటే ఇస్త్రీ దుకాణం ఆవిడ కిటికీలోంచి కళ్లారా చూసిందట. ఆ మాట చెవిన పడగానే అత్తగారు పరుగెత్తుకెళ్లి, రెక్క పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చిందట. ఇస్త్రీ ఆవిడ ఒక చొక్కా మడత పెట్టేలోపు కథ మూడిళ్లకు చేరింది. నాలుగో ఇంటికి వెళ్లేసరికి పిన్నికి తోక కూడా మొలిచింది.

తోక మాట మాత్రం నిజమే.

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. తనకంటే పెద్దవాళ్లకు కూడా పడవ పిన్నే. సరస్సు చూడటానికి వచ్చేవాళ్లను పడవలో తిప్పడం ఆమె పని. పక్షులు బెదరకూడదని, నీళ్ల మీద నూనె తేలకూడదని అక్కడ ఇంజన్లు ఉండవు, అన్నీ తెడ్డు పడవలే. తెడ్డు వేస్తూనే ఆమె ఎదుటివాళ్లను నవ్విస్తుంది. కొంగలా మెడ తిప్పుతుంది. కెమెరా పట్టుకుని ఊపిరి బిగబట్టిన పెద్దమనిషిలా పొట్ట లోపలికి లాక్కుంటుంది. పడవ కాస్త ఊగితే అందరికంటే ముందు తనే కెవ్వుమంటుంది. నవ్వు వస్తే ఆపుకోవడం ఆమె వల్ల కాదు. ఒకసారి ఎవరిదో సంతాప సభలో మైకు కీచుమంది. పిన్నికి నవ్వు తన్నుకొచ్చింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని, భుజాలు అదురుతుండగా బయటికి పరుగెత్తింది. "ఎంత మెత్తటి మనసో పాపం" అనుకున్నారు వెనక కూర్చున్నవాళ్లు.

భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఇంట్లో మిగిలేది అత్తా కోడలూ. అత్తగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయింది. అయినా ఎవరు గుమ్మంలో అడుగుపెట్టినా ఇప్పటికీ టికెట్టు అడగబోతున్నట్టే చూస్తుంది.

సరస్సు ఒడ్డున రెల్లు పెరిగే చోట లోతు తక్కువ. అక్కడ నత్తలుంటాయి. ఆ నత్తల్లోంచి కంటికి ఆనని పురుగు పిల్లలు బయటికొచ్చి, నీళ్లలో నిలబడ్డ మనిషి చర్మంలోంచి ఒంట్లోకి దూరతాయి. పడవ మీద కూర్చుని తిరిగితే ఏ బాధా లేదు. కానీ వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఫొటో కోసం ప్యాంట్లు మడుచుకుని రెల్లులోకి దిగుతారు. "దిగరాదు" అని బోర్డు పెడితే, ఆ బోర్డుకే చెప్పులు తగిలించి దిగారు.

ఈ బాధ తీర్చడానికి ఇద్దరు పరిశోధకులు వచ్చారు. ఒకావిడ పురుగుల మీద, వాటిని ఎదిరించే శక్తి ఒంట్లో ఎలా పుడుతుందన్న దాని మీద చదువుకున్నావిడ. ఊళ్లో ఆవిడ పేరు నత్తల మేడమ్. రెండో ఆయన, కళ్లకు పెట్టుకుంటే వేరే లోకంలో ఉన్నట్టు చూపించే అద్దాలతో పాఠాలు చెప్పే పద్ధతి కనిపెడుతున్నాడు. ఆయన అద్దాల సారు. పడవెక్కే ముందు ప్రతివాళ్లూ రేవులో కూర్చుని ఆ అద్దాల్లోంచి నీళ్లలోపలికి వెళ్లి రావాలి. లోపల ఏముందో తెలిశాక ఎవరు దిగుతారని వాళ్ల ధీమా.

ధీమా కాస్తా బోర్లా పడింది. సారు ఆ నీళ్లను మరీ ముద్దుగా చేసి పెట్టాడు. పచ్చటి వెలుగు, మెల్లగా ఊగే రెల్లు, బుడగలు. పురుగు పిల్ల కూడా చిన్న రిబ్బను ముక్కలా వయ్యారంగా పోయేది. జనం అద్దాలు తీసి, "అబ్బ, ఎంత బావుందో!" అంటూ తిన్నగా వెళ్లి రెల్లులో దిగారు. అంతకుముందు దిగని ముసలాయన కూడా మనవరాలి చెయ్యి పట్టుకుని దిగాడు.

సరస్సు ఆఫీసరు మండిపడ్డాడు. "శనివారం నేనే వచ్చి కూర్చుంటా. అద్దాలు చూసి లేచినవాళ్లలో ఒక్కరు నీళ్లలో కాలు పెట్టినా ఈ ఏడాదికి పడవలు ఒడ్డెక్కాల్సిందే. జనాన్ని రమ్మని పిలిచి రోగం అంటించి పంపలేను" అన్నాడు.

ఆ రోజు పిన్ని నవ్వు ఆగిపోయింది. పడవ పోతే హోటల్లో గిన్నెలు తోమైనా బతకొచ్చు. కానీ గిన్నెలను నవ్వించేదెలా?

ఉండబట్టలేక మర్నాడు తనే వెళ్లి అద్దాలు పెట్టుకు చూసింది.

"ఇదేం పురుగు సారూ? బ్యూటీ పార్లరు నుంచి వస్తున్నట్టుంది!"

"మరి ఎలా ఉండాలంటారు పిన్నీ?"

"నాకేం తెలుసు? మేడమ్‌ని చెప్పమనండి. చెప్తే చేసి చూపిస్తా."

మేడమ్ చెప్పింది. ఆ పురుగు పిల్ల తోక ముందుకు పెట్టి వెనక్కి వెనక్కి ఈదుతుంది. ఒళ్లు తగలగానే అతుక్కుంటుంది, దూరే ముందు తోక వదిలేస్తుంది. పిన్ని నేల మీద పడుకుని, తోకగా ఒక కాలు ముందుకు చాచి, పిరుదుల మీద పాకుతూ వచ్చి మేడమ్ చెప్పును కౌగిలించుకుంది. మేడమ్ కెవ్వున కుర్చీ ఎక్కింది. సారు పరుగున వెళ్లి ఒంటి కదలికలను కంప్యూటరులోకి ఎక్కించే, తెల్ల బటన్లు అంటించిన నల్ల బట్టలు తెచ్చాడు. మేడమ్ ఒక పాత మేజోడులో కాగితాలు కుక్కి తోక కుట్టింది.

పురుగు కుదిరింది. ఒంట్లోకి దూరాక దాన్ని పట్టుకునే కాపలా కణం వేషమే కుదరలేదు. అది సారే కట్టాడు. ఆయన మర్యాదస్తుడు. పిన్ని దగ్గరికొచ్చి, "కాస్త పక్కకు జరుగుతారా?" అన్నాడు. పిన్ని నవ్వు ఆపుకోలేక నేలంతా దొర్లింది. సరిగ్గా అప్పుడే ఇస్త్రీ ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది.

కాసేపటికి తలుపు దభీమని తెరుచుకుంది.

"ఏమే! ఏమొచ్చిందే నీకు?" అంది అత్తగారు.

"అత్తయ్యా, నేను పురుగుని!"

"ఊరంతా అదే చెప్తోంది. లే ముందు!"

మేడమ్ అడ్డం వచ్చింది. "అమ్మా, ఒక్కమాట వినండి. మన ఒంట్లో కాపలావాళ్లుంటారు. ఈ పురుగు లోపలికొచ్చి మన ఒంటి కోటునే దొంగిలించి తొడుక్కుంటుంది. కాపలావాళ్లు చూసి మనవాడేలే అని వదిలేస్తారు. అలా ఏళ్ల తరబడి లోపలే ఉంటుంది."

అత్తగారు ఆగింది. "ఏళ్ల తరబడా? టికెట్టు అడగరా?"

"అడగరు."

"ఎవరిదా డ్యూటీ?"

పిన్ని నేల మీద నుంచే తోక నోట్లో కుక్కుకుంది, నవ్వు బయటికి రాకుండా.

"ముసలి పురుగులు చచ్చినప్పుడు కోటు చిరిగి అసలు రూపం బయటపడుతుంది. అప్పుడు కాపలావాళ్లు గుర్తుపట్టడం నేర్చుకుంటారు. అలా నేర్చుకున్నవాళ్లు కొత్తగా వచ్చే పురుగు పిల్లల్ని గడపలోనే పట్టేస్తారు. కానీ అంత తెలివి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అందుకే అసలు నీళ్లలో కాలే పెట్టొద్దని చెప్పడం."

"నా బస్సులో ఒకడుండేవాడు," అంది అత్తగారు, చాప మీద కూలబడి. "ఏదో కుటుంబం ఎక్కితే వాళ్ల మధ్యలో దూరి, వాళ్ల పిల్లాణ్ణే ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు. మొదటిసారి నేనూ మోసపోయా. రెండోసారి పిల్లాడు వాడి ముఖం చూసి గుక్కపెట్టి ఏడ్చాడు. అక్కడే పట్టేశా."

"అచ్చం అంతే!" అని మేడమ్ చప్పట్లు కొట్టింది.

అత్తగారు గది అంతా ఒకసారి కలియజూసింది. "ఆ నల్ల బట్టలు నాకు పట్టేవి ఉన్నాయా?"

ఆ తర్వాత ఆ గదిలో జరిగింది చెప్పడానికి మాటలు చాలవు. మోచేతులు రెండూ విప్పి, కిక్కిరిసిన బస్సులో దారి చేసుకున్నట్టు లేని జనాన్ని నెట్టుకుంటూ అత్తగారు వచ్చింది. "జరగండి, జరగండి, లోపలికి జరగండి!" కోడలు దుప్పటి కప్పుకుని నంగనాచిలా మూల కూర్చుంది. అత్తగారు దాటిపోయింది. రెండడుగులు వేసి ఆగింది. తల వెనక్కి తిప్పింది. "టికెట్టేదీ?"

కోడలు లేచి పరుగు. అత్త వెంట పరుగు. తోక ఊడింది, కుర్చీ పడింది, సారు బల్ల కిందికి దూరాడు. "అత్తయ్యా, నిజంగానే పట్టుకుంటున్నారు!" అని కోడలు అరిస్తే, "నిజంగా కాక మరెలా పడతారే!" అంటూ మీద పడి దుప్పటితో సహా చుట్టేసింది. ఇద్దరూ కింద పడి, లేవలేక, కడుపులు పట్టుకుని నవ్వారు.

శనివారానికల్లా ఆ పరుగులన్నీ సారు అద్దాల్లోకి ఎక్కించాడు. ఆఫీసరు వచ్చి అద్దాలు పెట్టుకున్నాడు. పిన్ని తెడ్డు గట్టిగా పట్టుకుని దూరంగా నిలబడింది. మొదట ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకున్నాడు. ఇంకాసేపటికి చొక్కా జేబు తడుముకుంటూ, "ఉందండీ, ఇక్కడే ఎక్కడో ఉంది, చూపిస్తా" అన్నాడు. అద్దాలు తీశాక ఎవరి వంకా చూడలేదు.

ఆ వెనక జనం చూశారు. లేచినవాళ్లు లేచినట్టే పడవల వైపు నడిచారు. ఒకాయన మాత్రం వరస తప్పి, ప్యాంటు మడుచుకుంటూ రెల్లు వైపు వెళ్లాడు. ఆఫీసరు కుర్చీలోంచి సగం లేచాడు. ప్యాంటు మడిచినాయన నీళ్ల అంచున ఆగి, వంగి, తన పాదం వంక ఒకసారి చూసుకున్నాడు. తర్వాత వెనక ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి, ప్యాంటు దించుకుని, గబగబా వచ్చి పిన్ని పడవలోనే కూర్చున్నాడు.

"పడవలు పోనివ్వండి" అన్నాడు ఆఫీసరు.

పిన్ని తెడ్డు వేసింది. రేవు దాటకముందే ఆమె నవ్వు అవతలి ఒడ్డుకు చేరింది.

పుకారు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఇస్త్రీ ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. ఒకరు ఇంకొకరి రెక్క పట్టుకుని లాగడం ఆమె కిటికీలోంచి చూసిన మాట నిజమే. కాకపోతే, "ఆకలేస్తోంది అత్తయ్యా, ఇక ఇంటికి పోదాం పదండి" అని లాగింది కోడలు. "ఇంకొక్కసారి చేద్దామే" అంటూ కదలనిది అత్తగారు.