కోరుట్ల బందోబస్తులో మూడు ఫిల్టర్లు

ఇంజన్ బిగుసుకుని పట్టేస్తే తప్పు రైడర్ మీద వేశారు. నూనె చూసుకోకుండా బండి తోలాడని డ్యూటీ నుంచి తీసేశారు. సైన్యంలో బండి మీద ఉత్తరాలు చేరవేసే డిస్పాచ్ రైడర్‌గా పనిచేసిన మనిషిని ఇంతకంటే పెద్ద మాట అనలేరు. పైగా అది అబద్ధం.

పంచాయతీ ఎన్నికల బందోబస్తుకు మాజీ సైనికులను పిలిచారు. నేను సైన్యం సిగ్నల్స్ విభాగంలో హవల్దార్‌గా రిటైరయ్యాను. చలికాలం పొద్దున కోరుట్లలో బస్సు దిగాను. పొగమంచు. బస ఒక ఫంక్షన్ హాలు. దుప్పటి, లాఠీ, మెరిసే జాకెట్, వైర్‌లెస్ సెట్ ఇచ్చారు. ఆదేశం: పొద్దున ఆరుకు బయలుదేరాలి, ఇద్దరికో మోటార్‌సైకిల్, రాయికల్ దాకా వెళ్లి రావాలి. రోడ్డుకు ఒకవైపు పసుపు చేన్లు, ఇంకోవైపు కోసిన వరి మళ్లు. తిండి బాగుండేది. నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక అంత హాయిగా గడిచిన రోజులు తక్కువ.

నా జోడీగా బండి తోలే మా రైడర్ రోజూ కిక్ కొట్టేముందు నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి నా ముఖం ముందు పెట్టేవాడు.

"సూడన్నా. నిండుగున్నదా?"

"ఉన్నదిరా."

"నోటితోని చెప్పుడు గాదు, కండ్లు పెట్టి సూడు."

ఇంకొకరు చూడకుండా వాడి బండి కదలదు. సైన్యంలో పడ్డ అలవాటు. కాబట్టి ఇంజన్ పట్టేసిన ఉదయం నూనె నిండుగా ఉందనడానికి సాక్షిని నేనే. రాయికల్ చేరకముందే బండి టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. కిక్ దిగలేదు.

ఇన్‌ఛార్జి అధికారి నా మాట వినలేదు. "దోస్తు కోసం ఎవలైనా గట్లనే చెప్తరు" అన్నాడు.

ఇంటికి పొమ్మన్నా రైడర్ పోలేదు. హాల్లో పక్క చుట్టి, బూట్లు పాలిష్ చేసుకుని, ఆ చుట్ట మీదే కూర్చున్నాడు. నేను ఇల్లు చేరి ఇన్నాళ్లయినా ఆ కూర్చున్న తీరు నా కళ్ల ముందు నుంచి పోదు.

నేను మెకానిక్‌ను కాను. ఇంజన్ గురించి తెలిసిందంతా పుస్తకాలు చదివి, సొంత బండి విప్పి నేర్చుకున్నదే. నూనెను వడకట్టే ఫిల్టర్ మూత తీసి చూశాను. లోపల జిగురు ఊడి, కాగితం మడతలు ముద్దయి, ఇంజన్‌కు నూనె వెళ్లే రంధ్రానికి అడ్డం పడి ఉన్నాయి. బండ్లను డ్యూటీకి ముందు సిరిసిల్లలో సర్వీసు చేయించారు. ఆ ఫిల్టర్ అక్కడ వేసిందే.

అలాంటిదే కొత్తది సిరిసిల్ల నుంచి తెప్పించాను. జగిత్యాల షోరూంలో కంపెనీది కొన్నాను. కోరుట్లలో మట్టిరంగు డబ్బాలో, నేను పేరు వినని బ్రాండు దొరికింది. చూపుకు సిరిసిల్లదే మేలు. నిగనిగలాడే నారింజ రబ్బరు, తెల్లటి కాగితం, చేతికి బరువు. రైడర్ కూడా దాన్నే మెచ్చుకున్నాడు.

చల్లగా ఉన్నంతసేపు ఏ ఫిల్టరైనా మంచిదే. వేడి నూనెలో చూడాలి. కొత్త ఇంజన్ ఆయిల్ డబ్బా పట్టుకుని వంటాయన దగ్గరకు వెళ్లి కడాయి అడిగాను.

"బాపూ, గిండ్ల పప్పు అండుతం. గీ జిడ్డు పోస్తవా?"

"పాత కడాయి ఉంటే ఇయ్యి."

"ఇస్తగని, ఎవలన్న బజ్జీలనుకొని తింటే నాకు సంబంధం లేదు."

మూడు ఫిల్టర్లనూ ఆ నూనెలో ముంచి, పొద్దుటి నుంచి భోజనాల దాకా సన్న సెగ మీద ఉంచాం. ఇన్‌ఛార్జి భోజనానికి వచ్చినప్పుడు ఆయన ముందే పైకి తీశాం. కంపెనీది చెక్కుచెదరలేదు. కోరుట్లదీ అంతే. ఆ డబ్బాను చూసి మూతి విరిచిన నేను దానికి తల ఊపక తప్పలేదు. సిరిసిల్లది మాత్రం రేకు నుంచి కాగితం విడిపోయి గరిటెకు చుట్టుకుంది.

"అగో, గిది ఉడికిందన్నా" అన్నాడు రైడర్. నవ్వలేదు.

పట్టేసిన బండిలోంచి తీసిన ఫిల్టర్‌ను పక్కన పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఇన్‌ఛార్జి వంగి చూశాడు. తిని, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం వైర్‌లెస్ సెట్‌లో ఇన్‌ఛార్జిని పిలిచాను: "రైడర్ సంగతి ఏమైంది సార్? ఓవర్." గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాను. ఇంకోసారి పిలిచాను. అప్పుడు వచ్చింది జవాబు:

"తప్పు రైడర్‌ది గాదు, ఆయన మీద రాసింది కొట్టేసిన. రేపు ఆయన డ్యూటీకి రావాలె. బండ్లన్నిటి ఫిల్టర్లు మార్పిస్తున్న, గా పని మీ ఇద్దరిదే. షోరూందో, కోరుట్లదో మీరే తేల్చుండ్రి. ఇగ సెట్టు జర ఖాళీ చెయ్యుండ్రి హవల్దార్ సాబ్. ఓవర్."