అమావాస్య విమానంలో మామ నడుము

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవై నాలుగేళ్ల వయసు, బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరకు రసం పరీక్షించే కొలువు, చొక్కా జేబులో రెండు పెన్నులు. (రెండో పెన్ను రాయదు. అయినా ఒక్క పెన్నువాడికి ఎవరు విలువిస్తారు?) పిల్లి ఎదురైతే ఆగిపోయే బాపును చూసి పెదవి విరిచేవాణ్ని, ఎవరైనా తుమ్మితే చెంబెడు నీళ్లు తాగించి కూర్చోబెట్టే అవ్వను చూసి పెదవి విరిచేవాణ్ని, వీళ్లిద్దరికీ వంతపాడే ఊరందరినీ చూసి మరీ విరిచేవాణ్ని. ఇప్పుడు ఆ కుర్రాడు ఎదురైతే నేనే చెంప ఛెళ్లుమనిపిస్తాను. అప్పట్లో మాత్రం అతనంటే నాకు చాలా గౌరవం ఉండేది.

తొంభైల చివర్లో మా మేనమామకు దక్షిణాఫ్రికాలోని ఒక చక్కెర మిల్లు నుంచి పిలుపొచ్చింది. మామ మా ఫ్యాక్టరీలోనే ప్యాన్ మ్యాన్. అంటే రసం చిక్కబడి, పాకమై, పలుకు కట్టే పెద్ద పాత్ర దగ్గర నిలబడి "ఇగ చాలు" అని చెప్పే మనిషి. నేను గాజు గొట్టాలతో గంటసేపు కుస్తీపట్టి తేల్చేదాన్ని మామ ఒక చుక్క పాకం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది తేల్చేసేవాడు. చదివింది నాలుగో తరగతి. మా దగ్గర పనిచేసి వెళ్లిన ఒక ఇంజనీరు ఆ వేళ్ల సంగతి అక్కడివాళ్లకు చెబితే వాళ్లు మామను రమ్మన్నారు. ల్యాబు పనికి ఇంకొకడు కావాలంటే మామ నా పేరు చెప్పాడు. (అంటే నేను కొసరు. ఈ మాట అప్పుడెవరైనా అని ఉంటే జన్మలో మాట్లాడేవాణ్ని కాను.) ముప్ఫై ఏళ్లు పాకం ఆవిరిలో నిలబడ్డ మనిషిని పరాయి దేశం పేరుపెట్టి పిలవడం మామకు ఎంత గొప్పగా ఉందంటే, రెంజల్ నుంచి నవీపేట్ దాకా ఏ చాయ్ హోటల్నీ వదలకుండా చెప్పుకొని వచ్చాడు.

చిక్కల్లా మామ నడుముతోనే వచ్చింది. బయలుదేరడానికి నెల ముందు ఇంట్లో పసుపు బస్తా ఎత్తబోయి కటుక్కుమనిపించుకున్నాడు. నిలబడితే ఫరవాలేదు, పడుకుంటే ఇంకా నయం. గంటకు మించి కూర్చున్నాడంటే మాత్రం లేచేటప్పుడు వంగిపోయేవాడు, మళ్లీ నిటారుగా కావడానికి ఒక పూట పట్టేది. బొంబాయి నుంచి అక్కడికి విమానంలో తొమ్మిది గంటలు. దిగేచోటికి మిల్లు మనిషి వస్తాడు. షిఫ్టంతా నిలబడాల్సిన కొలువుకు వంగిన మనిషి వస్తే ఎవరు పెట్టుకుంటారు? "తొమ్మిది గంటలు కూసుంటే నేను కొడవలి లెక్క దిగుతరా. ఆడికెల్లి ఆడికే తోలేస్తరు. ఊరందరికి చెప్పుకున్న, మల్ల ఏం మొఖం పెట్టుకొని హోటల్ల చాయ్ తాగాలె?" అన్నాడు మామ. మామ అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నేను అభయమిచ్చాను. జనం లేని విమానం నేను వెతుకుతాను, మధ్య వరసలో నాలుగు సీట్లూ నీవే, మంచంమీద పడుకున్నట్టు పడుకొని దిగుదువు గాని అన్నాను. జనం లేని విమానాన్ని ఎలా పసిగడతావని మామ అడగనైనా లేదు, జేబులో రెండు పెన్నులున్నాయి కదా.

నా సిద్ధాంతం నిజామాబాద్ బస్సులో పుట్టింది. మామూలు రోజుల్లో బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డా చోటు దొరికేది కాదు. అమావాస్య నాడు మాత్రం వెనక సీటు మొత్తం నాదే, కాళ్లు చాపుకొని పోయేవాణ్ని. వరసగా మూడు అమావాస్యలు ఎక్కి దిగి మరీ రుజువు చేసుకున్నాను. అమావాస్య నాడు మన జనం ప్రయాణం పెట్టుకోరు, జనం లేకపోతే బస్సు ఖాళీ, బస్సుకు చెల్లింది విమానానికి ఎందుకు చెల్లదు? నమ్మకం మూర్ఖులది, దాని లాభం తెలివైనవాడిది! మిల్లువాళ్లు రెండు తారీఖులు చెప్పి ఏదో ఒకటి ఖాయం చేసుకోమన్నారు. అందులో ఒకటి అమావాస్య, రెండోది ఆ తర్వాత వచ్చే తదియ. దేవుడే నా పక్షాన ఉన్నాడనుకున్నాను (దేవుణ్ని కూడా నమ్మేవాణ్ని కాదు, అది వేరే సంగతి).

మనసులో ఏ మూలనో అనుమానం ఉందేమో, నిజామాబాద్ బస్టాండు పక్కన విమానం టికెట్లు రాసే సేటు దగ్గరికి పోయి అడిగాను. ఆయన దుకాణానికి వచ్చేదంతా దుబాయికీ మస్కట్‌కీ పోయే మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. అమావాస్య నాడు మనోళ్లు ఒక్కరు సుత టికెట్ తియ్యరు, ఆ రోజు తన కుర్చీలో తనే కునుకు తీస్తానని సేటు తల ఎత్తకుండానే చెప్పాడు. నిజామాబాద్ బస్టాండే భారతదేశమని నమ్మిన ఇద్దరు మేధావులం ఆ పూట చాయ్ తాగి ఒకరి తెలివిని ఒకరం మెచ్చుకున్నాం.

ఇంట్లో అత్తమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఇల్లు ఇడిసేది చతుర్దశి, నేల ఇడిసేది అమాస. కుక్కను సుత బయటికి తోలరు గాదురా, మనిషిని తోలుకపోతవా?" అంది. తిథులకు విమానం రెక్కలు ఆగవని నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె బియ్యం ఏరుకుంటూ విని, చివర్లో లేచి లోపలికి పోయింది. తేల్చాల్సింది మామ. అమావాస్య కన్నా కూర్చోవడమంటేనే ఎక్కువ భయం కాబట్టి మామ నా వైపు వచ్చాడు.

అప్పుడు అత్తమ్మ ప్రస్థానం పెట్టింది. చెడ్డ రోజున బయలుదేరక తప్పనప్పుడు, ముందే ఒక మంచి రోజు చూసి, పోయే మనిషి సామాను ఒకటి పక్కింట్లో పెట్టి వస్తారు. లెక్క ప్రకారం ప్రయాణం ఆ మంచి రోజే మొదలైపోయినట్టు. పోయేనాడు ఆ సామాను అక్కణ్నుంచే తీసుకొని సాగిపోవాలి, మళ్లీ ఇంట్లోకి తేకూడదు. దశమి గురువారం పూట అత్తమ్మ ఒక చిన్న గుడ్డసంచి కట్టి పక్కింటి చిలక్కొయ్యకు తగిలించి వచ్చింది. అంటే మామ కన్నా నాలుగు రోజుల ముందే మామ సంచి ఆఫ్రికా బయలుదేరింది. నేను నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాను. తీరా బయలుదేరే నాడు ఆ సంచి తెచ్చే పని నాకే చెప్పారు. పక్కింటి వాకిలి దాకా పోయాను. ఈ సంచి మోశానంటే నా సైన్సంతా గంగలో కలిసినట్టే అనిపించింది. వట్టి చేతులతో తిరిగొచ్చి, తెచ్చినవా అని అత్తమ్మ అడిగితే, చేతిపెట్టెలో పెట్టేశానని చెప్పాను. సంచిలో ఏముందని అడగాలన్న బుద్ధి ఆ మహా మేధావికి పుట్టలేదు.

బొంబాయి దాకా రైల్లో మామ బెర్తుమీద పడుకొని హాయిగా వచ్చాడు. ఎయిర్‌పోర్టుకు ఐదు గంటల ముందే చేరాం (బస్టాండుకు గంట ముందు పోయేవాళ్లం, దీనికి ఐదు గంటలైనా ఉండొద్దా?). మేం ఎక్కాల్సిన గేటు ముందు కుర్చీలన్నీ ఖాళీ. నేను చేయి తిప్పి ఆ కుర్చీలన్నీ మామకు చూపించాను, వాటిని నేనే ఖాళీ చేయించినట్టు. మామ నా వీపు తట్టాడు.

ఆ తట్టిన చేయి ఇంకా దించకముందే వాళ్లు రావడం మొదలైంది. ముందు తెల్ల పంచెలు, వాటి వెనక పట్టుచీరలు, నుదుళ్ల నిండా విభూతి, గుడ్డల్లో చుట్టిన పొడుగాటి సన్నాయిలు. అరవై మందికి తక్కువ ఉండరు, అందరూ తమిళులు. ఎవరినో సాగనంపడానికి వచ్చారనుకున్నాను. సాగనంపేవాళ్లు గేటు దాకా రారని నాకు తెలియదు. వాళ్ల వెనక మామూలు ప్రయాణికులు కూడా వచ్చారు, వాళ్ల వెనక ఇంకా వచ్చారు. విమానంలో నా నాలుగు సీట్ల మధ్య వరసలో మామ, నేను నడుమ ఇరుక్కున్నాం. నా పక్కన సన్నాయి వాయించే పెద్దాయన ఒకరు, మామ పక్కన డోలు వాయించే ఆయన. డోలాయన భుజాలు ఒక సీటుకు సరిపోయేవి కావు, మిగిలింది మామమీదికి వచ్చింది.

గంట గడిచింది. మామ నుదుటన చెమట పట్టింది. ముందు సీటు పట్టుకొని ఒకసారి లేవబోయి, పెదవి కొరుక్కొని కూలబడ్డాడు. కాసేపు ఆగి, అత్తమ్మ కట్టిన సంచి తియ్యమన్నాడు. అందులో డాక్టరు ఇచ్చిన నడుము పట్టీ, పెయిన్ బామ్, చిన్న మెత్త ఉన్నాయట. ఇంకో అబద్ధమేదైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు. సంచి పక్కింట్లోనే ఉందని చెప్పేశాను.

మామ తిట్టలేదు. చాలాసేపు నా జేబులో పెన్నులవంక చూశాడు. "అంటే నా పయనం ఇంక పక్కింట్లనే ఉన్నదన్నట్టు," అన్నాడు. తర్వాత కళ్లు మూసుకొని, వాళ్లు తిప్పి పంపిస్తే బోధన్ దాకా రాకుండా నిజామాబాద్‌లోనే ఎక్కడన్నా దిగిపోతానని గొణిగాడు. నాకు ఏడుపొచ్చింది. తెలివైనవాణ్ని కాబట్టి దాన్ని తుమ్ముగా మార్చుకున్నాను.

ఆ తుమ్ముకు నా పక్క పెద్దాయన ఇటు తిరిగి మామను చూశాడు. "ఏల అయ్యా, ఇంత వేదన?" అన్నాడు. ఆయన తెలుగు నేలమీద ఒక్క రోజైనా ఉన్నవాడు కాదు, వచ్చిన తెలుగంతా సన్నాయి మీద వాయించే కీర్తనల్లో నేర్చుకున్నదే. అందుకని దేవుడితో మాట్లాడే తెలుగే మాతోనూ మాట్లాడాడు. నేను సంగతంతా చెప్పి, కడుపులో మంట ఆగక, అమావాస్య నాడు ఇంత మంది ఎట్లా బయలుదేరారని అడిగేశాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "అమావాస్య గనుకనే, నాయనా. మాకు అది నిండైన దినము. అచ్చటి మా వారి గుడి కుంభాభిషేకమునకు పోవుచున్నాము. ఈ దినము కొరకై మా జోస్యుడు రెండు విమానములు వద్దనెను," అన్నాడు. మన ఊళ్లో కుక్కను తోలని రోజు ఇంకో ఊళ్లో మంచి రోజై కూర్చుంటుందని నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. అయినా చెప్పి ఉంటే విని ఉండేవాణ్ని కాదు.

పెద్దాయన లేచి తమిళంలో ఏదో అన్నాడు. ముందు వరసల్లో నాలుగు తలలు తిరిగాయి. ఇక చూడండి, వాళ్లలో వాళ్లు వంతులు వేసుకున్నారు. ఒకరు వెనక నిలబడి కబుర్లు చెబితే ఆయన సీట్లో ఇంకొకరు, ఆయన కాళ్లు సాగదీసుకోవడానికి లేస్తే అక్కడ మరొకరు. అలా మా వరసలో రెండు సీట్లు ఖాళీ చేసి మామను పడుకోబెట్టారు. తలకింద పెద్దాయన ఉత్తరీయం చుట్టగా చుట్టి పెట్టారు, కాళ్లు నా ఒళ్లో పెట్టారు. ఎయిర్‌హోస్టెస్ రెండుసార్లు వచ్చి కసురుకుంది. పెద్దాయన ఆమెతోనూ కీర్తనల తెలుగులోనే మాట్లాడాడు. ఆమెకు ముక్క అర్థం కాక, మామకు అడ్డంగా బెల్టు చుట్టి పోయింది. డోలాయన నడవలో మోకాళ్లమీద కూర్చొని మామ నడుమును బొటనవేళ్లతో పట్టాడు. డోలు చర్మం మోగించి మోగించి రాయిలా అయిన వేళ్లవి. మామ మొదట కెవ్వుమన్నాడు, తర్వాత మూలిగాడు, ఆ తర్వాత గురక పెట్టాడు.

మధ్యలో ఒకసారి మెలకువ వచ్చి నన్ను పిలిచాడు. నేను తల దించుకొనే ఉన్నాను. "ఖాళీ విమానంల నా నడుము ఎవడు పిసుకుతుండెరా?" అని, మళ్లీ పడుకున్నాడు.

విమానం దిగేటప్పుడు మామ తాటిచెట్టులా నిటారుగా దిగాడు. ఏడెనిమిది గంటలు ఆయన కాళ్లు మోసిన నాకు మాత్రం నడుము కింద ఏమీ ఉన్నట్టు తెలియలేదు, వంగి, కుంటుకుంటూ దిగాను. మిల్లు మనిషి మామ చేయి ఊపి, నావంక అనుమానంగా వేలు చూపించి, ఈయన పని చేయగలడా అని ఇంగ్లీషులో అడిగాడు. మామకు ఇంగ్లీషు రాదు గానీ వేలు ఎటు చూపించిందో అర్థమైంది. "మంచి పిల్లగాడే సారూ. కూసొని కూసొని గట్లయిండు," అన్నాడు. అలా కొసరుకు అసలు పూచీ పడింది.

రెండు సీజన్లు చేసి తిరిగొచ్చాం. ఇంటి ముందు రిక్షా ఆగగానే అత్తమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడి, మామను కాదు, నన్ను చూసింది. మేం పోయిన సాయంత్రమే ఆమెకు సంచి సంగతి తెలిసిందట. ఇంట్లోకి తెస్తే ప్రయాణం చెడిపోతుందని, రెండేళ్లూ దాన్ని ఆ చిలక్కొయ్యకే ఉంచింది. ఫోన్లో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. "పో, ఇప్పుడన్న తీస్కరా," అంది. పక్కింటికి పోయి, దుమ్ము పట్టిన ఆ సంచి రెండు చేతులతో మోసుకొచ్చాను. నా జన్మలో అంత బరువు మోయలేదు.

మామ ఇప్పుడు లేడు. ఆయన అప్పటి వయసు, ఆయన అప్పటి నడుము నాకు వచ్చాయి. మొన్నామధ్య ఒక పని మీద మళ్లీ అటే పోవలసి వచ్చి, ఫోన్లో సీట్ల బొమ్మ చూసి చూసి, పాతికేళ్లకు నిజంగానే ఖాళీ విమానం పట్టాను. మధ్య వరసలో నాలుగు సీట్లూ నావే. తొమ్మిది గంటలు కాళ్లు చాపుకొని పడుకున్నాను. ఏల ఇంత వేదన అని ఒక్కరూ అడగలేదు. దిగేటప్పుడు మామ చెప్పిన కొడవలిలాగే వంగి దిగాను. క్యాలెండర్ చూస్తే ఆ రోజు శుభ్రమైన దశమి. ఆ రెండు పెన్నులవాడు వెనక సీట్లో ఎక్కడో కూర్చొని నన్ను చూసి పెదవి విరిచే ఉంటాడు.