మూడు కోతలు, ఏడు ముక్కలు

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా ఉన్న బేకరీలో ఒక నల్లబల్ల ఉంది. వారానికొకసారి దాని మీదకు ఒక లెక్క పద్యం ఎక్కేది. కట్టేది లెక్కల టీచరుగా రిటైరైన నా భార్య. సుద్దముక్కతో రాసేది నేను. శేరిగూడ కాలేజీ పిల్లలు బస్సు వచ్చేలోగా చదివి జవాబు చెబితే, బేకరీ అతను కొబ్బరి కూరిన దిల్‌పసంద్ ఒక ముక్క ఇచ్చేవాడు.

నేను జీవితమంతా పత్రిక డెస్కులో వార్తలు దిద్దినవాణ్ని. "మీ పేపరోళ్లకు అంకె కనవడితే చెమటవడ్తది," అనేది ఆమె.

ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గాస్కెట్ తీసేసి కేకు చేసేది. పిండి ఎంత, చక్కెర ఎంత అన్నది కూడా పద్యం కట్టుకుని పాడుకునేది.

జబ్బు ముదిరాక, చివరి నెలల్లో ఆమెకు మతిమరుపు రావచ్చని డాక్టరు చెప్పాడు. మాత్ర వేసుకున్నానా అని ఆమె ఒకే పూట రెండుసార్లు అడిగింది. బుద్ధి చెదురుతోందని నేను తేల్చేసుకున్నాను. ఇక పొయ్యి దగ్గరికి పోకూడదని కేకు టిన్ను అటక మీద పెట్టేశాను. ఆమె చూసింది. ఆ రోజు నుంచి మంచం మీద కూర్చుని నోటుబుక్కులో రాసుకునేది.

పెద్దకర్మ అయిన మర్నాడు బేకరీ అతను అడిగాడు.

"సార్, బోర్డు ఖాళీగున్నది. మేడం రాసినయ్ ఏమన్న మిగిలినయా?"

నోటుబుక్కు చివరి పేజీలో ఇది ఉంది:

గుండ్రని కేకుకు కోతలు మూడు
నడిమిట్ల పొమ్మని చెప్పినదెవడు?
ముక్కలు ఏడు, ముచ్చట చూడు
సమానమడిగితె మార్కులు లేవు!

మూడుసార్లు కోస్తే ఆరు ముక్కలు. అంత చిన్న లెక్క కూడా తప్పిందనుకున్నాను. డెస్కులో ఎన్నోసార్లు చేసినట్టే, ఎవరికీ చెప్పకుండా దిద్దాను. బల్ల మీద 'ముక్కలు ఆరు' అని రాశాను. ప్రాస చెడింది. పోనీ అనుకున్నాను. మనసులో ఏమీ కదల్లేదు. ఆ రోజుల్లో ఏదీ కదిలేది కాదు.

రెండు రోజుల తర్వాత పాల ప్యాకెట్ కోసం వెళ్తే బేకరీ అతను పిలిచాడు.

"సార్, మేడం ఆరని రాసిన్రా?"

"ఏడని రాసింది. నేనే దిద్దిన."

"అరె, ఎందుకు దిద్దిన్రు సార్? ఏడే. నాకు చేసి చూపిచ్చిన్రు గదా, ఆఖరుసారి దవాఖానకు పోయే ముందు."

గుండ్రటి స్పాంజి ఒకటి తీసి ముందు పెట్టాడు. కత్తితో ఒక కోత. దాన్ని దాటుతూ ఇంకొకటి. మూడోది ఆ రెండూ కలిసిన చోటికి పోలేదు. జర పక్కనుంచి, రెండింటినీ దాటుకుంటూ పోయింది. మధ్యలో చిన్న మూడు మూలల ముక్క మిగిలింది.

"లెక్కవెట్టుండ్రి."

లెక్కపెట్టాను. ఏడు.

నడిమిట్ల పొమ్మని ఎవడు చెప్పాడు అని ఆమె పద్యంలోనే అడిగింది. నేను దాన్ని నా చేత్తోనే బల్ల మీద రాశాను, చదవలేదు.

"తినుండ్రి సార్," అని ఆ మధ్య ముక్క ఇచ్చాడు. తిన్నాను. మెత్తగా ఉందని తెలిసింది, అంతే. 'ఆరు' చెరిపి 'ఏడు' రాశాను. సుద్ద వేళ్లకంటింది.

ఇంటికొచ్చి అటక మీది టిన్ను దించాను. దుమ్ము కడిగాను. ఎక్కడ పెట్టాలో తోచక స్టవ్ మీద పెట్టి, పక్కనే చాలాసేపు నిలబడ్డాను.