స్లైడ్ వెనక్కి రాని శనివారం

ఆ శనివారం పొద్దున మా షూటింగ్ క్లబ్ రేంజ్‌లో నా పిస్టల్ స్లైడ్ వెనక్కి రాలేదు. స్లైడ్ అంటే పిస్టల్ పైభాగం. తూటా ఎక్కాలంటే దాన్ని వెనక్కి లాగి వదలాలి. పిస్టలే పాడైందనుకుని మా కోచ్ మార్గరెట్‌కి ఇచ్చాను. డెబ్బై దాటిన మనిషి, ఇట్టే లాగేసింది. "దీనికేం కాలేదు డియర్, నీ చేతులు చూపించు" అంది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి.

వరంగల్‌లో ఎన్‌సీసీ రైఫిల్ పట్టినప్పటి నుంచి గురి చూసి కాల్చడమంటే నాకు ప్రాణం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చి మౌంట్ ఆల్బర్ట్‌లో సెటిల్ అయ్యాక నాకంటూ మిగిలింది ఆ శనివారం ఒక్కటే. మిగతా వారమంతా ఉద్యోగానిది, ఇంటిది.

బ్లడ్ టెస్టులయ్యాక కీళ్ల డాక్టర్ "రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్" అన్నారు, అంటే కీళ్లవాతం. అసలు మందు మెథోట్రెక్సేట్ పనిచెయ్యడానికి వారాలు పడుతుందని, అందాకా ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ రాశారు. కొద్ది రోజుల్లోనే చేతులు మళ్లీ నావయ్యాయి. నా సంబరం అంతా ఇంతా కాదు. ఇదే అదనని పర్మిట్ తీసుకుని, స్లైడ్ తేలిగ్గా కదిలే చిన్న పిస్టల్ కొనేశాను. షాపులో వెన్నలా కదిలింది. "ఇగ నువ్వు ఆగుతవా!" అని మా ఆయన శ్రీధర్ నవ్వాడు.

ప్రెడ్నిసోన్ తగ్గించాక వేళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి. కొత్త స్లైడూ కదల్లేదు. డాక్టర్‌కి చెబితే, "షాపింగ్ చేసింది మీరు కాదు, స్టెరాయిడ్" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆ చలికాలమంతా రేంజ్ మొహం చూడలేదు. ఇండియాలో అమ్మకి ఫోన్ చెయ్యాలంటే కాలింగ్ కార్డు మీది నంబరు కూడా శ్రీధరే గీకి ఇచ్చేవాడు. ఒక శనివారం, రేంజ్‌లో తుపాకీ మోత వినపడకుండా చెవులకి పెట్టుకునే ఇయర్‌మఫ్స్ తగిలించుకుని పప్పు తాలింపు పెట్టాను. రేంజ్‌లో ఉండే ఆ నిశ్శబ్దం కావాలనిపించింది. శ్రీధర్ పిలిచినా వినపడలేదు. వచ్చి చూశాడు. స్టవ్ ఆపి, ఇయర్‌మఫ్స్ తీసి, "గంతగనం యాదికొస్తున్నదా?" అన్నాడు. ఏడ్చేశాను.

మార్గరెట్‌కి ఫోన్ చేసింది శ్రీధరే. "ఈసారి బాగున్న రోజు వద్దు. చేతులు పట్టేసిన పొద్దున తీసుకురా" అందట.

అలాగే వెళ్లాను. ఖాళీ పిస్టళ్లు ఒక్కొక్కటే చేతికిచ్చింది. రివాల్వర్‌కి స్లైడ్ బాధ లేదు గానీ ట్రిగ్గర్ నొక్కలేకపోయాను. ఇంకోదాని స్ప్రింగ్ మెత్తనిదే గానీ, స్లైడ్ చిన్నది కావడంతో పట్టు దొరకలేదు. చివరికి క్లబ్‌వాళ్ల పాత టార్గెట్ పిస్టల్ ఒకటి తెచ్చింది. అందులో ఒక్క తూటాయే పడుతుంది. పక్కనున్న మీటని అరచేత్తో నెడితే తెరుచుకుంటుంది, ట్రిగ్గర్ తాకితే చాలు. బరువు మాత్రం ఎక్కువ, బల్ల మీద ఇసుక సంచీకి ఆనించాలి. "అమ్మయ్య" అన్నాను. మార్గరెట్‌కి అర్థం చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు మెథోట్రెక్సేట్‌తో నిలకడగా ఉన్నాను. శనివారాలు తిరిగొచ్చాయి. చేతుల్లో బలం తగ్గినవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. పిస్టల్ ఎంచుకోవడానికి మంచి రోజున వెళ్లకండి. చేతులు మొరాయించిన రోజున, తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని, ఖాళీదానితో చూడండి. ఆ రోజు మీ మాట విన్నదే మీది.

కొత్తగా కొన్న చిన్నది అమ్మేశాను గానీ, ఆ మొదటి శనివారం మొరాయించిన నా పాత పిస్టల్ మాత్రం అమ్మలేదు. ఒంట్లో బాగున్న రోజు సేఫ్‌లోంచి తీసి, ఖాళీగా ఉందో లేదో చూసుకుని, స్లైడ్ లాగుతాను. సగం దాకా వస్తుంది. మిగతా సగం కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.