మా తాత బండి దిగిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటికి చక్రాలుండేవి. నమ్మకపోతే మానండి. అది గూడుబండి. పైన ఈతచాపల కప్పు, లోపల అటూ ఇటూ వేలాడే గాజుల దండలు, వాటి మధ్య ముగ్గురం పడుకునేంత చోటు. బండి కింద ఒక లాంతరు, ఒక నీళ్లకుండ, గోనెసంచిలో సంకటి గిన్నెలు. మా నాయనకు చింతామణిలో గాజుల అంగడి ఉండేది, దాని వెనకాలే ఇల్లు. తాతా అవ్వా మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ఆ బండిలోనే కాపురం చేశారు. నేను నడక నేర్చేలోగానే తమ్ముడు పుట్టాడని అవ్వ నన్ను కొన్నాళ్లకని బండెక్కించుకుంది. ఆ తర్వాత నన్ను దించడం ఎవరి వల్లా కాలేదు.

చింతామణిలో సరుకు నింపుకుని బాగేపల్లి, మిట్టేమరి, పరగోడు తిరుగుతూ చాకవేలు దాకా పోయేవాళ్లం. మళ్లీ అవే ఊళ్ల మీదుగా వెనక్కి వచ్చేవాళ్లం. ఏ ఇంట్లో పెళ్లి కుదిరిందో, ఏ కోడలికి సీమంతమో ముందు మాకే తెలిసేది. బండి రాగానే ఆడవాళ్లు చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చునేవాళ్లు. అవ్వ వాళ్లను మాటల్లో పెట్టేది, నేను దండలు అందించేదాన్ని, తాత తొడిగేవాడు.

తాత ఒకసారి చెయ్యి పట్టుకుంటే చాలు, కొలత తెలిసిపోయేది. బొటనవేలు లోపలికి మడిచి, అరచేతిని మెత్తగా నొక్కి, కణుపుల మీద గాజును ఒడుపుగా దాటించేవాడు. అక్కడ కొంచెం ఇబ్బంది పెట్టాలి, మణికట్టు దగ్గరికొచ్చాక చేతిని అంటిపెట్టుకుని ఉండాలి, అదీ ఆయన లెక్క. పెద్దవైతే ఎవరైనా తొడుగుతారు, తొడిగినంత తేలిగ్గా అవి జారిపోతాయి అనేవాడు. చర్మం గీరుకోకుండా, గాజు చిట్లకుండా సరైన కొలత ఎక్కించడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. మనవరాలినని చెప్పడం లేదు. సరే, మనవరాలినని కూడా అనుకోండి, అయినా నిజం నిజమే.

బస్సులొచ్చాక బేరాల్లేక మా తాత బండి మానేశాడని చెప్పుకునేవాళ్లు మా చుట్టాల్లోనే ఇప్పటికీ ఉన్నారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఏం జరిగిందో నేను చెబుతాను.

ఆ ఏడు తాత వేళ్ల కణుపులు బిగుసుకుపోతూ వచ్చాయి. పొద్దున పూట ఎద్దుల పలుపు ముడి విప్పడానికి కూడా తంటాలు పడేవాడు. గాజులు తొడిగేటప్పుడు నేను అందించిన దండ పక్కన పెట్టి, "ఆ పక్కది ఇయ్యి మ్మా" అని ఒక సైజు పెద్దది అడగడం మొదలుపెట్టాడు. నాకేమీ అనిపించలేదు. అవ్వ మాత్రం ఒకసారి ఆయన వైపు చూసి, తల దించుకుని గాజుల మధ్య గడ్డి సర్దుకుంది.

చాకవేలులో ఒక రైతు ఇంట్లో పెళ్లి. మరుసటి రోజే ముహూర్తం. తాత పెళ్లికూతురికి రెండు చేతులా పచ్చగాజులు తొడిగాడు. ఆ పిల్ల లేచి లోపలికి పోయి మాకు మజ్జిగ తెచ్చింది. చెంబు కింద పెట్టడానికి వంగినప్పుడు ఒక గాజు చేతి మీదుగా జారి చాప మీద పడింది. చిట్లలేదు, ఊరికే దొర్లింది. అందరూ నవ్వారు. పెండ్లి దిగులుతో పిల్ల చిక్కిపోయిండాది అని వాళ్లమ్మ ఎగతాళి చేసింది. అంతటితో పోయేదే.

తాత నవ్వలేదు. ఆ గాజు తీసి చేతిలో పెట్టుకుని, "కూర్చో మ్మా. నేను నీకు పెద్దవి తొడిగినా. నా వేళ్లు మొరాయిస్తాండాయి, అందుకని తేలిగ్గా ఎక్కేవి ఏరుకున్న్యా" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు. పిల్ల తండ్రికి ఎటూ పాలుపోలేదు. "పోనీలే ప్పా, ఎవురు చూస్తారు?" అన్నాడు. "నేను చూసినా కదప్పా" అన్నాడు తాత.

ఆ వేళ్లతో సరైన కొలత ఎక్కించబోతే గాజు చిట్లొచ్చు. పెళ్లి ముందు పిల్ల చేతిమీద గాజు పగిలితే ఆ ఇంట్లో ఎవరూ మనశ్శాంతిగా ఉండరు. అప్పటిదాకా నిలబెట్టుకున్న పేరంతా అక్కడే పోతుంది. అవ్వ తొడగగలదు, తొడుగుతానని ముందుకొచ్చింది కూడా. తాత తల అడ్డంగా ఊపి వేడినీళ్లు మాత్రం అడిగాడు. వేళ్లు వాటిలో చాలాసేపు ఉంచి, ఒక్కొక్కటే మడిచి చూసుకుని, ముందు తొడిగిన పెద్ద గాజులన్నీ తీసేసి సరైన దండ తీసుకున్నాడు. ఒక్కో గాజుకూ ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆ పిల్ల మంచిది, చెయ్యి దూదిలా వదిలేసి ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది. చివరి గాజు కూడా కణుపు దాటింది.

ఒక్కటీ చిట్లలేదు. ఒక్క గీత పడలేదు. పిల్ల గాజులు కళ్లకద్దుకుని తాత కాళ్లకు మొక్కింది. తాత దీవించి, అందరికీ వినబడేట్టు, "నేను తొడిగిన కడాఖరు చెయ్యి నీదే మ్మా. ఇంక మా బండి రాదు. గాజులు కావాలంటే చింతామణికి రాండి, నా కొడుకు అంగడి ఉండాది" అన్నాడు. అవ్వకు కూడా అప్పుడే తెలిసింది. ఆమె కళ్లు తుడుచుకుంది గానీ ముఖం వెలిగిపోయింది.

నేను బండిలో పడి ఏడ్చాను. ఇంకో ఏడు తిరుగుదాం తాతా, అవ్వ తొడుగుతుంది, నువ్వు బండి తోలు అని బతిమాలాను. ఆయన ఎద్దుల్ని అదిలిస్తూ, "వాళ్లు నా వెనకాల అనుకోకముందే నేనే ముందర నిలబడి చెప్పినా మ్మా. ఇప్పుడు ఏ వూరికైనా తలెత్తుకుని పోతా. ఇంకో ఏడు తిరిగితే ఈ పేరు ఉంటాదో లేదో" అన్నాడు. నాకు అప్పుడు సగమే అర్థమయింది.

తిరుగు దారిలో ప్రతి ఊళ్లోనూ బండి ఆపాడు. బేరం చెయ్యలేదు. ఇంటింటికీ పోయి, నా వేళ్లు బిగుసుకుపోయినాయి, ఇంక రాను అని తానే చెప్పాడు. పరగోడులో ఒక ముసలామె మీకు బుద్ధి ఉండాదా అని తిట్టి, ఏడ్చి, మూటనిండా చింతపండు కట్టిచ్చింది. మిట్టేమరిలో ఆడవాళ్లు బండిని ఊరి బయటిదాకా సాగనంపారు. గాజులమ్ముకునే మనిషి వెనకాల అంతమంది నడవడం నేను మళ్లీ యాడా చూడలేదు. చింతామణిలో తాత తానే ఎద్దుల్ని విప్పి, బండి కాడి కిందికి దించి, పెళ్లికొచ్చిన చుట్టంలా ఇంట్లోకి నడిచాడు. గోడలు మరీ దూరంగా ఉండాయని అవ్వ చాన్నాళ్లు గొణిగింది.

నేను చింతామణిలోనే ఉండిపోయి బతుకంతా రవికలు కుట్టాను. పోయిన ఏడు నా చూపు మందగించి కుట్టు వంకర పోవడం మొదలైంది. మిషన్ పాడైందని చెప్పెయ్యి మా, ఎవరేమనుకుంటారు అంది నా కూతురు. నేను వినలేదు. గుడ్డ పట్టుకుని వచ్చిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, నా కళ్లు కనబడడం లేదు, ఇంక కుట్టను అని నా నోటితోనే చెప్పాను. ఒకామె లేచిపోబోయి, మళ్లీ కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుంది. "నా పెండ్లికీ నువ్వే కుడితివి, నా కూతురి పెండ్లికీ నువ్వే కుడితివి" అంది. ఇంట్లో దాక్కుని ఉంటే ఆ మాట నా దాకా వచ్చేదే కాదు.