తెల్ల రబ్బరు మీద తెల్ల గీత

ఓడకి తలుపు బిగించడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్ళంటే తలుపుల మావయ్యకి ఒళ్ళు మంట. ఇంటి తలుపు సరిగ్గా పడకపోతే మహా అయితే దొంగ వస్తాడు, పోతాడు. ఓడ తలుపు సరిగ్గా పడకపోతే సముద్రం వస్తుంది, వచ్చాక పోదు. ఇరవై ఆరేళ్ళుగా యార్డులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన ఈ మాట చెబుతూనే ఉన్నాడు. అసలు ఆయన్ని మావయ్య అనే హక్కు ఒక్క మేనకోడలికే ఉంది. ఆ అమ్మాయి అదే యార్డులో తనిఖీ ఇంజినీరుగా చేరి, నలుగురిలో నోరు జారి "మావయ్యా" అన్న రోజు నుంచి ఆయన యార్డందరికీ మావయ్య అయి కూర్చున్నాడు.

ఆ యార్డు గస్తీ ఓడలు కడుతుంది. తీరానికి దూరంగా వారాల తరబడి తిరుగుతూ దొంగ సరుకు పడవల్ని పట్టుకోవడం, మునిగిపోతున్నవాళ్ళని పైకి లాగడం వాటి పని. మొదటి ఓడ పొట్టిది. కాస్త గాలి వీస్తే చాలు, నావికుల కడుపులో ఉన్నదంతా బయట పెట్టించేది. రెండోదాన్ని ఎనిమిది మీటర్లు సాగదీశారు. మూడోదానికి వెనక హెలికాప్టరు దిగేంత చోటు కట్టారు. ప్రతి ఓడా నావికుల చేత తిట్లు తినడం, ఆ తిట్లన్నీ రాసుకుని తర్వాతిదాన్ని సరిచేసుకోవడం. అలా అయిదోది నీళ్ళలోకి దిగేసరికి ఎక్కడో దూరదేశం వాళ్ళు వచ్చి చూసి, ఇలాంటివే మాకూ రెండు కట్టిపెట్టండి అన్నారు. యార్డు బయటి దేశానికి ఓడ అమ్మడం అదే మొదలు. అప్పటిదాకా కట్టిన అయిదింటికీ తలుపులు బిగించిన చెయ్యి ఒకటే.

ఆయన పరీక్ష చాలా చిన్నది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు, చట్రం అంచుకి అన్నివైపులా సమంగా అదుముకోవాలి. ఆ అంచు మీద సుద్దముక్కతో రాస్తాడు. తలుపు మూసి, పిడులు బిగించి, మళ్ళీ తెరుస్తాడు. నల్ల రబ్బరు మీద తెల్ల గీత పడి ఉంటుంది. ఆ గీత చుట్టూ ఎక్కడా తెగకపోతే చుక్క నీరు దూరదు. బయటి తలుపుల మీద గొట్టంతో నీళ్ళు కూడా కొట్టి చూస్తారు గానీ, లోపలివాటికి ఈ గీతే దిక్కు. గీత చూసి ఆయన "గీత తెగలేదు" అంటాడు. మేనకోడలు సంతకం పెడుతుంది. ఆ మాట యార్డంతా పాకిపోయింది. క్యాంటీన్లో ఎవరైనా ఏరా ఎలా ఉన్నావని అడిగితే, గీత తెగలేదు అనడం మామూలైపోయింది.

దూరదేశం వాళ్ళ సముద్రం వేడిదట. అందుకని వేరే రకం రబ్బరు కావాలని ఒప్పందంలో రాయించుకున్నారు. అది పాలలా తెల్లగా ఉంటుంది. మావయ్య ఎప్పటిలాగే లోపలి తలుపులు పద్నాలుగింటినీ సుద్ద రాసి చూశాడు. పద్నాలుగుసార్లూ గీత తెగలేదనే అన్నాడు. మేనకోడలు పద్నాలుగుసార్లూ సంతకం పెట్టింది.

ఓడ అప్పగింత ఇంకో రెండు రోజుల్లో ఉందనగా, పొద్దున్నే ఆయన వంటింట్లో నిలబడి చొక్కా వేసుకుంటుంటే జేబులోని సుద్దముక్క జారి నేల మీద పడింది. వంగి వెతికాడు. కనపడలేదు. బల్ల కింద చూశాడు, గ్యాసు పొయ్యి దిమ్మె కింద చూశాడు.

"ఏమండీ, మీ కాలి దగ్గరే ఉంది కదా! తెల్ల బండ మీద తెల్ల ముక్క కనిపించట్లేదా? ఆ కంటి ఆపరేషన్ చేయించుకోండి మహానుభావా అని ఏడాది నుంచి మొత్తుకుంటున్నా," అంది భార్య, ముక్క తీసి చేతిలో పెడుతూ.

ఆయన చేతిలోని ముక్క వైపు, కింద బండ వైపు మార్చి మార్చి చూశాడు. తెల్ల బండ మీద తెల్ల ముక్క. తెల్ల రబ్బరు మీద తెల్ల గీత. పద్నాలుగు తలుపుల్లో ఒక్క గీతైనా తను నిజంగా చూశాడా? అలవాటు కొద్దీ ఉంటుందనుకున్నాడు, ఉందన్నాడు.

కంట్లో శుక్లం ఉందని యార్డులో ఎవరికీ చెప్పలేదు. చెబితే తలుపుల దగ్గర నుంచి తీసేస్తారని భయం. అది పోతే తను ఎవరు? ఇప్పుడు అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ఆ ఓడతోపాటు ఏడాది ఆ దేశంలో ఉండి మంచిచెడ్డలు చూసుకోవడానికి యార్డు ఎంపిక చేసింది మేనకోడలినే. పెట్టె కూడా కొనుక్కుంది. ఇరవై ఆరేళ్ళ చెయ్యి, తలుపులు బాగానే ఉండి ఉంటాయిలే అని బస్టాపు దాకా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. బస్సెక్కాక నచ్చజెప్పుకోవడం కుదరలేదు. గుట్టుగా వెళ్ళి చూసొద్దామన్నా కొన్నవాళ్ళ సరంగు, అంటే నావికుల మేస్త్రీ, ఓడ మెట్ల దగ్గర కాపలా కూర్చున్నాడు, కాగితం లేనిదే ఎవర్నీ ఎక్కనివ్వడు.

తిన్నగా మేనకోడలి గదికి వెళ్ళి అంతా చెప్పేశాడు.

ఆ అమ్మాయి తనిఖీ కాగితాలు బయటికి తీసి బల్ల మీద పెట్టింది. "కనపడకపోతే కనపడలేదని చెప్పొచ్చు కదా మావయ్యా! అది నా సంతకం."

"తెలుసమ్మా."

"నేనూ వంగి చూడాల్సింది. నువ్వన్నావు కదా అని పెట్టేశాను," అంది. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది ఆయనకి.

వడ్రంగుల దగ్గర నుంచి నీలం సుద్ద తెచ్చారు. ఆ అమ్మాయే వెళ్ళి ఉన్న సంగతి సరంగుకి చెప్పింది. అతను కళ్ళు చిన్నవి చేసుకుని విని, తనూ వెంట నడిచాడు. మావయ్య రాస్తాడు, మూస్తాడు, తెరుస్తాడు. చూసేది మేనకోడలు. ఒకటి, రెండు, పదమూడు దాకా నీలం గీత చక్కగా తిరిగి వచ్చింది. ఆయనకి ఊపిరి ఆడింది.

పద్నాలుగోది, అడుగున ఇరవై ఇద్దరు నావికులు పడుకునే గది తలుపు. కింది మూలలో గీత తెగింది. సరంగు మోకాళ్ళ మీద కూర్చుని, గీత లేని చోట తన వేళ్ళు ఆనించి చూశాడు. నాలుగు వేళ్ళు పట్టాయి. తలెత్తి మావయ్య వైపు చూశాడు. ఆ చూపుకి మావయ్య తల దించుకున్నాడు.

బందులు వదులు చేసి, తలుపు జరిపి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ తెగింది. మళ్ళీ జరిపాడు. మూడోసారి తలుపు తెరిచి, కళ్ళు అటు తిప్పకుండా అడిగాడు.

"చెప్పమ్మా."

"గీత తెగలేదు," అంది మేనకోడలు.

అప్పగింత మూడు రోజులు వాయిదా పడింది. మావయ్య తన తప్పు తనే రాసి ఇచ్చాడు. ఆయన్ని తలుపుల నుంచి తీసి పనిముట్ల స్టోరు కిటికీ వెనక కూర్చోబెట్టారు. మేనకోడలికి మెమో ఇచ్చారు, ఓడతో వెళ్ళే అవకాశం ఇంకొకరికి వెళ్ళింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఆయనతో పనికి సంబంధించినంత వరకే మాట్లాడేది. కొన్న పెట్టె అలాగే అట్టపెట్టెలో ఉందని ఆ అమ్మాయి తల్లి, ఆయన చెల్లెలు, ఫోన్లో చెప్పినప్పుడు ఆయనకి ఆ పూట అన్నం సయించలేదు. కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. అన్నీ బాగా కనిపించడం మొదలైంది, చూడ్డానికి స్టోరు తప్ప ఏమీ లేకుండా పోయింది.

ఎనిమిది నెలలు గడిచాయి. రెండో ఓడ కోసం ఆ సరంగు మళ్ళీ వచ్చాడు. ఒకరోజు మధ్యాహ్నం స్టోరు కిటికీ దగ్గర నిలబడి, వేలితో గాలిలో తలుపంత గీత గీసి, రెండు వేళ్ళు చూపించాడు.

"రెండు... గీతా తెగాలేదూ," అన్నాడు ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ.

మావయ్యకి మొదట అర్థం కాలేదు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. సుద్దముక్క కనిపించినప్పుడల్లా ఆ మాట వినీ వినీ, సుద్దకి ఇక్కడ పేరే అది అనుకున్నాడు మహానుభావుడు! సరంగు కాస్త చిన్నబుచ్చుకుని జేబులోంచి యార్డు చీటీ తీసి ముందు పెట్టాడు.

చీటీ మీద మేనకోడలి చేతిరాత. ఇప్పుడు ప్రతి అక్షరం కనిపిస్తోంది. కావలసిన వస్తువు అన్నచోట "గీత తెగలేదు, రెండు పెట్టెలు" అని రాసి ఉంది. దాని పక్కనే, "నీలంవి ఇవ్వు మావయ్యా. సాయంత్రం పద్నాలుగో తలుపు దగ్గరికి నువ్వు కూడా రా. ఈసారి ఇద్దరం చూద్దాం."

కింద సంతకం.

మావయ్య చీటీ రెండుసార్లు చదివాడు. పై అరలోంచి రెండు పెట్టెలు దించి సరంగు చేతిలో పెట్టాడు. దాని పేరు సుద్ద అని మాత్రం చెప్పలేదు.